నల్లపండ్ల చొక్కా

అత్తయ్యకు నమస్కారాలు.

మీ ఇంటి వెనక గుట్ట మీద ముళ్లపొదల్లో కాసే నల్లపండ్లు ఒక కిలో పంపగలరా? మా ప్రయోగశాలలో అడవిపండ్ల మీద పని మొదలైంది. వాటిలో యాంటీ ఆక్సిడెంట్లు, అంటే ఒంట్లో కణాలు పాడవకుండా కాపాడేవి, మెండుగా ఉంటాయని నేనే అన్నాను. అనవసరంగా అన్నాను. రుజువు కాకపోతే నెలాఖరుకు ఆ పనీ ఉండదు, నా ఉద్యోగమూ ఉండదు.

మీ మేనకోడలు

తా.క. పరీక్షకే. తినడానికి కాదు.

*

పుస్తకాలపురుగుకు దీవెనలు.

పండ్లు పంపుతున్నాను. నలుగురూ చూసేవి కదా, నీ పరువు పోకూడదని తొక్కలూ గింజలూ తీసేసి, బట్టలో వడగట్టి, గంటసేపు ఉడికించాను.

అత్తయ్య

తా.క. తొక్కలు మేకకు వేశాను. పొద్దుటినుంచి గోడలు దూకుతోంది.

*

అత్తయ్యకు నమస్కారాలు.

బలమంతా తొక్కలోనే, ఆ నల్లరంగులోనే ఉంటుంది. మేక అదృష్టవంతురాలు.

మా దగ్గర ఊదారంగు మందు ఒకటుంది. పండ్లరసం పోస్తే ఆ రంగు పోవాలి. ఎంత పోతే అంత బలం. మీ రసం పోసి అరగంట కూర్చున్నాను. మందు నన్నే చూస్తూ ఉండిపోయింది. ఈసారి తొక్కతో సహా, పచ్చివే పంపండి. పది రోజులే గడువు.

మీ మేనకోడలు

తా.క. ఆ గుజ్జు మా పెద్దమేడమ్ బ్రెడ్డు మీద రాసుకుని తింటున్నారు. బాగుందట.

*

పుస్తకాలపురుగుకు దీవెనలు.

రంగు పోగొడతాయని ముందే చెప్పొద్దూ! మీ మామయ్య డ్యూటీకి వేసుకునే తెల్లచొక్కా ఎడమ చేతి మీద గ్రీజు మరక ఒకటి మొండికేసింది. నీ మాట నమ్మి, గిన్నెడు పండ్లు తొక్కలతో సహా చొక్కా మీదంతా నలిపాను. ఇప్పుడు చొక్కా మొత్తం ఊదా! "నీ మేనకోడలి చదువు ఇదేనా?" అన్నారు మామయ్య. అప్పట్నుంచి మాటల్లేవు.

అవే ఆఖరి పండ్లు తల్లీ. కాపు అయిపోయింది. నీ ఉద్యోగం నేనే పోగొట్టానేమోనని తిండి సయించడం లేదు.

అత్తయ్య

తా.క. రేపట్నుంచి బనీనుతో డ్యూటీకి వెళ్తానని బెదిరిస్తున్నారు.

*

అత్తయ్యా, నమస్కారాలు తర్వాత.

చొక్కా ఉతకొద్దు! నీడలో ఆరబెట్టి వెంటనే పంపండి.

మీ మేనకోడలు

తా.క. మేకకు అందకుండా.

*

అత్తయ్యకు, మామయ్యకు నమస్కారాలు.

చొక్కా ఎడమ చెయ్యి కత్తిరించి నానబెట్టాను. ఆ నీళ్లు నాలుగు చుక్కలు వేయగానే మందు రంగు ఇట్టే పోయింది. మేడమ్ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. పండులో బలం ఎంత ఉందో చొక్కా చెప్పలేదట, ఉందని మాత్రం చెప్పిందట. వచ్చే కాపుదాకా పని పొడిగించారు. నా ఉద్యోగం కూడా. ఈసారి పండ్లు కోయడానికి నేనే వస్తాను.

మీ మేనకోడలు

తా.క. నివేదికలో "నమూనా: చొక్కా, ఎడమ చెయ్యి" అని రాశాను. మేడమ్ మొదటిసారి ఒక నివేదిక చివరిదాకా చదివారట. మిగతా చొక్కా పంపుతున్నాను.

*

మా పుస్తకాలపురుగుకు బోలెడు దీవెనలు.

చొక్కా అందింది. మామయ్య అది తొడుక్కుని, "పరీక్ష పాసైన చొక్కా" అంటూ వీధంతా తిరిగొచ్చారు. నాతో మాటలూ మొదలయ్యాయి. నువ్వొచ్చేదాకా ఏ పండు తొక్కా తీయను, ఒట్టు.

అత్తయ్య

తా.క. మరక పోతుందని నేనంటే ఒక్కరూ నమ్మలేదు. చొక్కా అంతా వెతికాను. గ్రీజు మరక ఎక్కడా లేదు.