రెండు సైకిళ్ల మధ్య కడ్డీ

నీ కూతురికి సైకిలు కొనిచ్చి, తొక్కడం నేర్పకుండానే చచ్చిపోయావు అన్నయ్యా. తప్పు నీదే.

నాకు నేర్పేటప్పుడైతే నా సైకిలుని గేదె పలుపుతో నీ సైకిలుకి కట్టి కాలవగట్టు మీద లాక్కెళ్లేవాడివి. నువ్వు బ్రేకు వేసినప్పుడల్లా వచ్చి నిన్ను గుద్దేవాణ్ణి. అందుకే తాడు వద్దనుకుని, మా వెల్డింగు షాపులో ఇనప కడ్డీ చేసి పిల్ల సైకిలుని నా సైకిలు వెనక తగిలించాను. రోజూ బడికి ఆ గట్టు మీదే అలా వెళ్తున్నాం.

ఇవాళ వెనకనుంచి అరిచింది: “బాబాయ్, తొక్కేదంతా నేనే, నువ్వు ఊరికే కూర్చున్నావ్!”

నేను తొక్కడం ఆపి చూశాను. రెండు సైకిళ్లూ సాగుతూనే ఉన్నాయి.

ఆదివారం కడ్డీ తీసెయ్యమంటోంది. గట్టు పక్కన కాలవ నిండుగా పారుతోంది. నాకు చెయ్యి రావడం లేదు. నా తాడు విప్పెయ్యొచ్చని ఆ రోజు నీకెలా తెలిసింది? శనివారం పొద్దుగూకేలోపు చెప్పు.