గురువారం ఫోన్ వస్తుంది

అమ్మా,

కాళ్లకు దండం పెట్టి రాస్తున్నాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వు అక్క దగ్గరే ఉంటున్నావని, పిల్లలు నిన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదని చదివి మనసు కుదుటపడింది. నీ ఉత్తరం ఫొటో అక్క పంపితే, లాయరమ్మ దాన్ని కాగితం మీద అచ్చు తీసి తెచ్చిచ్చింది. ఇదీ అలాగే ఫొటో తీసి పంపుతుంది.

నువ్వడిగినవన్నీ వరసగా చెప్తాను. తిండి వేళకు పెడుతున్నారు, ఉప్పు మాత్రం వెతుక్కోవాలి. ఇది జైలు కాదు. అలాగని తలుపు మన చేతిలో లేదు. కాగితాలు లేకుండా సరిహద్దు దాటినవాళ్లను, విషయం తేలేదాకా ఉంచే చోటు. గదికి ఎనిమిది ఇనుప మంచాలు. ఆ వెల్డింగ్ చేసినవాడెవడో గానీ, చేతికి దొరికితే రెండు మొట్టికాయలు వేసేవాణ్ణి. నా మంచం కిర్రుమంటుంటే అట్టముక్క మడిచి సందులో దోపాను. అది చూసి అందరూ వాళ్ల మంచాలు చూపించారు. నిన్న కాపలా సారు తన కుర్చీ కూడా పట్టుకొచ్చాడు. ఉద్యోగం దొరికినట్టే అనుకో.

దాటడం ఎలా జరిగిందన్నావు. ఏడుగురం, పట్టపగలే, మొక్కజొన్న చేలకు అడ్డంపడి నడిచాం. మోకాల్లోతు కాలువ వస్తే బూట్లు మెళ్లో వేసుకుని దాటాం. అవతలి గట్టున కూర్చుని తొడుక్కుంటుంటే జీపు వచ్చి ఆగింది. పారిపోదామంటే తలా ఒక్క కాలికే బూటుంది.

ఫోన్ ఎందుకు చేయవని మూడుసార్లు రాశావు. హాల్లో ఫోనుంది, నా వంతూ వస్తుంది. వంతొచ్చినప్పుడల్లా నీ గొంతు వినే ధైర్యం చాలక వెనక్కొచ్చేశాను. ఎందుకో చెప్తాను, కూర్చుని చదువు.

ఏజెంటు మాకందరికీ ఒకటే కథ నేర్పాడు. "వరదలో ఇల్లు పోయింది, అమ్మ పోయింది, నాకిక ఎవరూ లేరు. ఇదే చెప్పండి. ఒక్క ముక్క మారినా వెనక్కి పంపిస్తారు" అన్నాడు. దారంతా ఎక్కాల్లా వల్లెవేశాం. తీరా ఆఫీసులో ఒకరి వెనక ఒకరం అదే అప్పజెప్పాం. నా ముందు నలుగురికీ అదే వరద, అదే అమ్మ. నేను నోరు తెరవగానే మాటలు మార్చి చెప్పే దుబాసీ, "మీ అమ్మగారు కూడానా?" అన్నాడు. అక్కడైనా ఆగాల్సింది. భయంతో తలూపాను. నా కాగితంలో, తల్లి చనిపోయింది అని రాసుకున్నారు. నేనే రాయించాను అమ్మా. ఆ పూట కంచం ముందు కూర్చుని ఏడ్చాను.

చావు కబురు అబద్ధంగా పుడితే ఆయుష్షు పెరుగుతుందని నువ్వే అంటావు. ఆ లెక్కన నీకు నూరేళ్లు ఖాయం చేశాను. తిట్టేటప్పుడు అదీ కాస్త గుర్తుపెట్టుకో.

లాయరమ్మకు అసలు సంగతి చెప్పేశాను. పరంజా విరిగి నా జోడీ పనివాడు పడిపోయి చనిపోవడం, నేను కాంట్రాక్టరు మీద సాక్ష్యం చెప్పడం, వాడి మనుషులు కత్తులతో మనింటి మీదకొస్తే నువ్వు గుమ్మానికి అడ్డంగా నిలబడడం, అంతా. ఆమె పెన్ను కింద పెట్టి, "ఇంత గట్టి నిజం దగ్గర పెట్టుకుని ఆ అరువు కథ ఎందుకయ్యా?" అంది. వాళ్లను కళ్లారా చూసింది నువ్వొక్కదానివే. నాకున్న ఒక్క సాక్షినే నేను చంపి కూర్చున్నాను.

నిన్న కాగితంలో ఆ మాట కొట్టేయించి, "అమ్మ బతికే ఉంది, భయపడి అబద్ధం చెప్పాను" అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. ఒకసారి అబద్ధమాడాను కాబట్టి ఇప్పుడు చెప్పేదీ నమ్మకపోవచ్చట. నమ్మకపోతే వెనక్కే, ఆ కాంట్రాక్టరు చేతుల్లోకే. అయినా నాకు ధైర్యంగానే ఉంది. జరిగింది చెప్పడానికి వల్లెవేయక్కర్లేదు కదా.

గురువారం మీకు మధ్యాహ్నం రెండింటికి, జడ్జిగారి దగ్గర్నుంచి అక్క ఫోనుకు కాల్ వస్తుంది. గుమ్మంలో చూసింది చూసినట్టు చెప్పు. ఆ తర్వాత, "మీరు చనిపోయారని మీ అబ్బాయి చెప్పాడా?" అని అడుగుతారు. నిన్ను నేనెరగనా? "మావాడు అలా అనడు బాబూ, మీరే తప్పు రాసుకున్నారు" అంటావు. బళ్లో అద్దం పగలగొట్టినప్పుడూ, నాన్న సైకిలు పోగొట్టినప్పుడూ ఇదే వరస. ఈ కొడుకు మీద ప్రేమతో ఆ ఒక్క మాటన్నావంటే ఇద్దరం అబద్ధాలకోర్లమవుతాం, నా పని అయిపోతుంది. "చెప్పాడు బాబూ" అని ఒప్పుకో. ఈ ఒక్కసారికి నన్ను వెనకేసుకురాకమ్మా.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధంగా ఉన్న
చిన్నోడు