గోళ్ళున్న రాత

నాంత్, మంగళవారం

ప్రియమైన నాన్నా,

ముందే చెప్పేస్తున్నాను, ఉద్యోగం వచ్చింది, పోయింది కూడా. కూర్చుని చదువు.

ఓడల బీమా ఆఫీసుకు దరఖాస్తు చేతిరాతతోనే పంపాలి కదా. "నీ కెలుకుడు చూస్తే గుమ్మం దగ్గరే ఆపేస్తారు" అంటూ నేను రాసిందంతా నీ ముత్యాల్లాంటి అక్షరాలతో తిరగరాసి ఇచ్చావు. నోరు మూసుకుని పంపేశాను. అందరివీ పంపినట్టే దాన్నీ వాళ్ళు, రాత చూసి గుణం చెప్పే మదామ్ కెనోకి పంపారు. నిన్న మేనేజరు దలనువా గారు ఆవిడ చెప్పింది నా ముందే చదివారు. "ఓపిక. పద్ధతి. పైవాళ్ళకు ఎదురు చెప్పని స్వభావం. ఇలాంటి అమ్మాయి కోసమే చూస్తున్నామమ్మా! వచ్చే సోమవారం నుంచి వచ్చెయ్."

నాకు ఒళ్ళు మండింది నాన్నా. అవి నా గుణాలా? "అయ్యా, అవన్నీ మా నాన్నవి. రిటైరైన బడిపంతులు. రాసింది ఆయనే" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి, ఒక కాగితం నా ముందుకు తోసి "మరి నీది చూపించు" అన్నారు. రాశాను. "ఇదేంటమ్మా, ఈగ సిరాలో పడి నడిచినట్టుంది!"

"మా ఇంట్లో దీన్ని గ్రిఫోనాజ్ అంటారండీ" అన్నాను. బడిలో నా ప్రతి పేజీ మీదా నువ్వు ఎర్రసిరాతో రాసిన మాట. తొందరపాటు రాత, అడ్డదిడ్డపు రాత అని అర్థం చెప్పి ఊరుకున్నావా? గ్రిఫ్, అంటే పంజా గోరు, అనే మాట నుంచి పుట్టిందని క్లాసంతా వినేలా చెప్పేవాడివి. కాదు, గద్ద తలా సింహం ఒళ్ళూ ఉన్న గ్రిఫోన్ అనే కథల మృగం పేరు నుంచి అని బడి వెనక మన వంటింట్లోంచి అమ్మ అరిచేది. పిల్లలు నన్ను పిల్లీ పిల్లీ అని ఏడిపించేవాళ్ళు. ఆ మాట వింటే ఇన్నేళ్ళూ సిగ్గుతో చచ్చేదాన్ని. నిన్న మాత్రం తలెత్తుకుని అన్నాను. "ఆలోచన పరిగెడుతుంటే చెయ్యి ఆగదండీ. ఎదురు చెప్పాల్సిన చోట చెబుతాను కూడా."

ఆయన తలుపు చూపించారు.

బాధ లేదని అబద్ధమాడను. కానీ నీ రాతతో వచ్చిన కుర్చీలో కూర్చుని రోజూ నీలా నటించడం నా వల్ల కాదు. ఇకమీదట నా దరఖాస్తు నేనే రాసుకుంటాను. కోపమొచ్చిందా?

నీ ఓదిల్

క్లిసోం, గురువారం

ఓదిల్ తల్లీ,

నీ ఉత్తరం చదవడానికి పొద్దుటి కాఫీ నుంచి మధ్యాహ్నం సూపు దాకా పట్టింది. కోపం ఎందుకు రాదూ? చేతికొచ్చిన ఉద్యోగం! కానీ తలుపు చూపించాడన్న చోటికి వచ్చేసరికి నా కోపం ఆయన మీదికి పోయింది. ఉత్తరం కాఫీ దుకాణానికి పట్టుకెళ్ళి అందరికీ చదివి వినిపించాను. "ఇన్‌స్పెక్టరు బడికి వస్తే వణికిపోయేవారు కదా పంతులుగారూ, ఈ పిల్లది ఎవరి పోలిక?" అన్నాడు రొట్టెల ఎర్వే. వెధవ, నిజమే అన్నాడు. "వాళ్ళమ్మ పోలికరా" అన్నాను. నా గొంతు ఎంత గట్టిగా పలికిందో నాకే తెలియలేదు.

ఆ మాట గోరు నుంచి పుట్టిందో, మీ అమ్మ చెప్పే మృగం నుంచి పుట్టిందో, రెండూ అనేవాళ్ళున్నారు. పిరికి కుందేలు నుంచి మాత్రం పుట్టలేదు.

దలనువా గారికి ఇవాళే నేనొక ఉత్తరం పోస్టు చేశాను, నా గుండ్రటి అక్షరాలతో: "అయ్యా, మీరు ఎంచుకున్న చేతిరాత నాది. ఓపిక, పద్ధతి, ఎదురు చెప్పని స్వభావం నాలో పుష్కలంగా ఉన్నాయి. వయసు డెబ్బై. సోమవారం పొద్దున్నే హాజరవుతాను. నా కుర్చీ ఎక్కడో చూపించగలరు."

ఆదివారం రైలుకి వస్తున్నాను. మంచం వేసి ఉంచు.

నాన్న,
ఆన్సెల్మ్