కిటికీ దగ్గరి చాప

రూవి,
అక్టోబరు 10

మావయ్య గారికి వందనాలు.

ఎండ తగ్గింది. మధ్యాహ్నం గాలి ఇంకా వేడిగానే ఉంది. ఈ వారమంతా దార్సైట్‌లో ఫ్యామిలీ ఫ్లాట్ల ఏసీలు కడిగాను. మా రూమ్ ఏసీ మాత్రం ఒక్క మంచానికే గాలి కొడుతుంది. ఎనిమిదిమందిమి ఏసీ మెకానిక్కులం, దాన్ని విప్పే ఓపిక ఎవరికీ లేదు.

ఫోన్‌లో మాట్లాడితే మీకు వినపడదు కాబట్టి ఈ ఉత్తరం మీ సహం నుంచి ఇక్కడికి కూరగాయలు తెచ్చే సమీయుల్లా బండిలో పంపుతున్నాను. డిసెంబరులో మా రూమ్‌లో ఒక్కడికే సెలవట. ఆ ఒక్కడు ఎవడో మీరే తేల్చుకుని పేరు చెప్పండి అన్నారు సూపర్‌వైజర్ అనీస్ గారు. పోకర్ ఆడి తేల్చుకుందామని అందరం అనుకున్నాం. డబ్బు లేదు, ఖర్జూరం గింజలే పందెం. వంటగది దగ్గరి చాప మీద గెలిస్తే గిన్నెలు తోమే పని తప్పుతుంది. మధ్య చాప మీద గెలిస్తే ఏసీ కింది మంచం. కిటికీ దగ్గరి చాప మీద సెలవు. గింజలు పెరిగినవాణ్నే పై చాపకు రానిస్తారు. ఏ ఆటలోనూ నేను ఉన్నవాటిలో ఇరవయ్యో వంతుకు మించి పెట్టను. సగం పోతే కింది చాపకు దిగిపోతాను.

ఊళ్లో పాప సెలిన్ పుట్టి మూడు నెలలు. ఈ గల్ఫ్‌లో ఉండి దాన్ని మీరూ చూడలేదు, నేనూ చూడలేదు.

ఇట్లు,
మీ అల్లుడు స్యాం

తా.క.: ఎవరు తిన్న పళ్ల గింజలు వాళ్లవే అని మొదట అనుకున్నాం. రెండో రోజుకే ముగ్గురికి కడుపు చెడింది. ఇప్పుడు తలా రెండొందలు పంచుకున్నాం.


సహం,
అక్టోబరు 18

ప్రభువునందు ప్రియమైన అల్లుడికి మావయ్య ఇమ్మానియేలు రాసేది.

నిమ్మచెట్లకు నీళ్లు కడుతున్నాను. మోటారు రోజుకోసారి ఆగుతోంది. నీ ఉత్తరం చదివి పార ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. పేకాటా? నువ్వు పేక ముట్టవనే కదా నా కూతుర్ని ఇచ్చాను. గింజలైతే మాత్రం జూదం కాకుండా పోతుందా?

నిన్న శుక్రవారం ప్రార్థన కూడికలో నీ గురించి పక్కవాడి చెవిలో చెప్పాను. నా గొంతు నాకు వినపడదు కదా, గట్టిగానే చెప్పి ఉంటాను. కూడికంతా లేచి నీ కోసం ప్రార్థన చేసింది.

ఇట్లు,
ఇమ్మానియేలు

తా.క.: ఆ ఆట ఎలా ఆడతారో వివరంగా రాయి. ఏం పాపమో తెలియకుండా ప్రార్థన చెయ్యడం కుదరదు.


రూవి,
నవంబరు 1

మావయ్య గారికి వందనాలు.

మీరడిగిన ఆట వివరం వేరే కాగితం మీద రాసి లోపల పెట్టాను.

మధ్య చాప మీద గెలిచి వారంరోజులు ఏసీ కింద పడుకున్నాను. జలుబు చేసింది. అయినా ఐదొందలు దాటి కిటికీ చాపకు వెళ్లాను. అక్కడ కడప ఖమరుద్దీన్ ఉన్నాడు. అతని ఆటంతా నోట్లోనే ఉంది. "ఏమప్పా స్యామూ, చేతిలో ఏం లేదని నీ మొగమే చెప్తాంది. ఎత్తేయ్, బిడ్డతండ్రివి, గింజలు మిగుల్చుకో" అంటాడు. ఆ మాటలు వింటే మంచి ముక్కలున్నా పడేస్తాను. తర్వాత చూస్తే అతని చేతిలో ఏమీ ఉండదు. రోషం వచ్చి ఇరవయ్యో వంతు మాట మరిచాను. నలభై మిగిలాయి.

మళ్లీ వంటగది చాప దగ్గరికి వచ్చాను. ఇందులో సిగ్గేమీ లేదు.

ఇట్లు,
స్యాం

తా.క.: గిన్నెలు కూడా నేనే తోముతున్నాను.


సహం,
నవంబరు 8

ప్రియమైన అల్లుడికి,

రాత్రి మంచు పడుతోంది. ఆవుల కొట్టం కడిగి ఇది రాస్తున్నాను.

నలభై గింజలతో కూర్చున్నావని చదివాక నాకు అన్నం సయించలేదు. మా ఇంటి అల్లుడు గింజలకు మొహం వాచడమేమిటి? ఇక్కడ ఆవులకు నానబెట్టి పెట్టే గింజలు కుప్పగా ఉన్నాయి. ఒక గోనె నింపి సమీయుల్లా బండిలో వేశాను. పైన నీ పేరు పెద్దగా రాశాను. ఎవడి దగ్గరా తలదించుకోకు.

ఇట్లు,
ఇమ్మానియేలు

తా.క.: రెండు జతలు పెద్దవా, ఒకేరకం మూడు పెద్దవా? నీ కాగితం చెమటకు అక్కడే చెరిగింది. ప్రార్థన కోసమే అడుగుతున్నాను.


రూవి,
నవంబరు 29

మావయ్య గారికి వందనాలు.

మీ గోనె నేను డ్యూటీలో ఉండగా వచ్చింది. వచ్చేసరికి రూమ్‌లో అందరి జేబులూ నిండి ఉన్నాయి. సాయంత్రానికి ఒక టీకి వెయ్యి గింజలు అడిగారు. "మీ మామ సహంలో గింజలు అచ్చు కొడతాండాడా?" అని ఖమరుద్దీన్ అరిచాడు. లిఫ్టులో ఆవు వాసన ఎందుకొస్తోందని అనీస్ గారు అడిగారు.

మీ గింజలు పొడుగ్గా ఉన్నాయి, మావి పొట్టివి. రెండు సాయంత్రాలు కూర్చుని వేరుచేశాం. సహం గింజ చెల్లదని తీర్మానించారు.

నేను నలభైతోనే కింది నుంచి వచ్చాను. ఈసారి ఇరవయ్యో వంతు తప్పలేదు. వచ్చే శుక్రవారం కిటికీ చాప మీద ఖమరుద్దీన్‌తో ఆఖరి ఆట. ఒక్క చాప దిగినా మళ్లీ ఎక్కడానికి టైము లేదు. సెలవు పోతే సెలిన్‌ను చూసేసరికి అది నడుస్తూ ఉంటుంది.

గోనె నా మంచం కింద ఉంది. దయచేసి తీసుకెళ్లండి.

ఇట్లు,
స్యాం

తా.క.: ఒకేరకం మూడే పెద్దవి. ఈ నెలలోనే ఇదే ప్రశ్న మీరు మూడు ఉత్తరాల్లో అడిగారు. అన్నిసార్లు ప్రార్థన చేస్తున్నారా?


రూవి, మీ రూమ్,
డిసెంబరు 5, శుక్రవారం

ప్రియమైన అల్లుడికి,

ఈ కాగితం నీ దిండు మీద పెడుతున్నాను.

మబ్బు పట్టింది గానీ వాన లేదు. ఆవుల మేత తక్కువైందని మా అర్బాబ్, తోట యజమాని, అడిగాడు, అందుకే గోనె కోసం వచ్చాను. నేను వచ్చేసరికి నిన్ను ఏదో ఆసుపత్రి ఏసీ ఆగిందని డ్యూటీకి తీసుకుపోయారని వీళ్లు కాగితం మీద రాసి చూపించారు. చాప మీద నీ గింజలు ఉన్నాయి, నువ్వు లేవు. ఖమరుద్దీనే నా చెయ్యి పట్టుకుని నీ చోట కూర్చోబెట్టాడు. అల్లుడి గింజలు, మామ ఆట అని వేళ్లతో చూపించాడు. అందరూ నవ్వారు.

ఆట మొదలయ్యాక అలవాటుకొద్దీ అతను చాలాసేపు మాట్లాడాడు. పెదవులు ఆగలేదు. నాకు ఒక్క ముక్కా వినపడలేదు. మర్యాదకు తల ఊపుతూ పోయాను. నేను ఊపిన కొద్దీ అతనికి చెమట పట్టింది. నేను గింజలు చూసుకుంటూ ఇరవయ్యో వంతే పెట్టాను. తోటకు నీళ్లు కట్టడం లాంటిదే, ఒక్క మడికే వదిలితే మిగతావి ఎండుతాయి. ఆఖరున అతను మొత్తం ముందుకు తోశాడు. నా దగ్గర తొమ్మిదులు మూడు ఉన్నాయి. అప్పుడొక్కసారి నేనూ మొత్తం తోశాను. అతని దగ్గర జత కూడా లేదు.

చాప మీది ముక్కలన్నీ సర్దాడు. తర్వాత లేచి నాకు అన్నం పెట్టాడు. నీ పేరు అనీస్ గారికి అతనే చెప్పాడు. అందుకని జనవరిలో కొత్తగా ఇంకో సెలవు అతనికి ఇస్తామన్నారట.

నీ సెలవు పద్దెనిమిది నుంచట, వెళ్లు. బిడ్డ వెనక నిలబడి మెల్లగా పిలువు. తల తిప్పిందో లేదో నాకు రాయి.

ఇట్లు,
ఇమ్మానియేలు

తా.క.: సహంలో సమీయుల్లాతో నెలరోజులుగా ఆడుతున్నాను. కూడికలో చెప్పకు.

సమీయుల్లా హారన్ కొడుతున్నాడని వీళ్లు సైగ చేస్తున్నారు. గోనె, నేను నాలుగింటికి బయలుదేరాం.