దొరసాని మెడమీది గడ్డ

డాక్టరమ్మగారికి నమస్కారాలు.

నా అక్షరాలు వంకరటింకరగా ఉంటాయి, తప్పులూ ఉంటాయి. అయిదో తరగతితో బడి మానేశాను. మన్నించి ఓపిగ్గా చదవండి.

నిన్న మెడమీద గడ్డ ఉన్న ముసలి పిల్లిని చూపించారే, ఆ గడియారాలు బాగుచేసే ఆయన కోడల్ని. బుట్టతో తలుపు పక్కన నిలబడ్డది నేనే. మీరు సూది పరీక్ష, రక్తపరీక్ష, కోత అని చెప్పినవాటన్నిటికీ మామయ్యగారు తల ఊపారు. ఆయనకు ఎడమ చెవి వినపడదు. మీరు ఎడమవైపే నిలబడ్డారు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

బయటికొచ్చాక ఆయన పిల్లితో, "విన్నావుగా దొరసానీ, ఇంక నీ ఇష్టం" అన్నారు. మా ఇంట్లో మాటలన్నీ అలాగే. పెళ్లయి రెండేళ్లయినా ఆయనంటే నాకు బెరుకు, నేనంటే ఆయనకు మొహమాటం. "దొరసానీ, అన్నం చల్లారిపోతోంది" అంటాను నేను. "దొరసానీ, కూరలో ఉప్పు లేదని ఎవరితోనూ అనకు" అంటారాయన. మా ఆయన లారీతో వెళ్తే పదిరోజులకు గానీ రారు.

దానికి పద్నాలుగేళ్లు. ఏం చెయ్యాలో దయచేసి రాయండి.

ఇట్లు,
గడియారాలవారి కోడలు

తా.క. మీ చెయ్యి గీరినందుకు దొరసాని చాలా బాధపడుతోంది. అన్నం మాత్రం తిన్నది.

*

అమ్మాయికి ఆశీస్సులు.

పరీక్షలో గడ్డ మంచిది కాదని తేలింది. మత్తిచ్చి చుట్టూ కాస్త చర్మంతో సహా కోసెయ్యవచ్చు. కానీ దాని మూత్రపిండాలు నీరసించాయి. మత్తునుంచి తేరుకుంటుందని మాట ఇవ్వలేను. తేరుకుంటే రెండు మూడేళ్లు ఉండవచ్చు. కోయకపోతే నొప్పికి మందు వేస్తూ, గడ్డ పగిలి పుండైనచోట శుభ్రం చేస్తూ చూసుకోవాలి. అప్పుడు కొన్ని నెలలు, మహా అయితే ఏడాది. ఏదీ తప్పు కాదు. ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.

ఇట్లు,
పశువుల డాక్టరు

తా.క. అందరూ అంటే మనుషులు.

*

డాక్టరమ్మగారికి నమస్కారాలు.

మామయ్యగారి కుడిచెవి వైపు కూర్చుని, మీ ఉత్తరం దొరసానికి గట్టిగా చదివి వినిపించాను. 'కొన్ని నెలలు' అన్నముక్క రెండుసార్లు చదివాను. ఆయన గడియారాలు చూసే కంటి అద్దం తీసి తుడుచుకుని, "కోయించుకుందువుగానిలేవే దొరసానీ, ధైర్యంగా ఉండు" అన్నారు.

నా మనసు మాత్రం కోతకు ఒప్పుకోవడంలేదు. కానీ అది లేకపోతే ఆయన ఎవరితో మాట్లాడతారు? కోతకు రోజు చెప్పండి.

ఇట్లు,
గడియారాలవారి కోడలు

తా.క. మనుషులతో మాట్లాడమన్న ముక్క చదవలేదు. సిగ్గేసింది.

*

అమ్మాయీ,

కోతకు రోజు ఇవ్వను. మీ ఇంటినుంచి నాకు ఇంకొకరు కూడా రాస్తున్నారు. ఏం రాశారో చెప్పడం నా పని కాదు. గురువారం ఉదయం ముగ్గురూ రండి. పుండు కడగడానికి దొరసానిని లోపలికి తీసుకుంటాను. మీరిద్దరూ బయట బెంచీమీద కూర్చోండి.

ఇట్లు,
పశువుల డాక్టరు

తా.క. పిల్లిని ఇమ్మని ఎవరు తలుపు కొట్టినా తియ్యను.

*

డాక్టరమ్మగారికి నమస్కారాలు.

మీరు లోపలున్నప్పుడు బయట ఏం జరిగిందో చెప్పకపోతే బాగుండదు.

ఇద్దరం ఖాళీ బుట్టను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. చివరికి ఆయన, "కోయించాలనే ఉందా అమ్మా నీకు?" అని అడిగారు. చుట్టూ చూశాను. నన్నే.

"లేదండీ. మీకు?"

"నాకెక్కడ! అది పోతే నువ్వెవరితో మాట్లాడతావని ఒప్పుకున్నా."

"నేనూ మీకోసమేనండీ."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. "మనిద్దరికీ మాటలు రావని దాని మెడ కోయిస్తున్నామన్నమాట" అన్నారు.

తర్వాత దానికేం కావాలో మాట్లాడుకున్నాం. పొద్దుటెండ, మెత్తటి గుడ్డ, ఆస్పత్రికని మళ్లీ బుట్ట ఎక్కకుండా ఉండడం. అందుకే మీరు తలుపు తియ్యగానే కోత వద్దన్నాం.

ఇప్పుడు ఆయన తల పట్టుకుంటే నేను మందు వేస్తున్నాను. "తల్లీ, దాని నోట్లో! నా చొక్కాకి జబ్బు లేదు" అని అరుస్తారు. "మీరు కదపకుండా పట్టుకోండి మరి" అని నేనూ అంటున్నాను.

ఇట్లు,
గడియారాలవారి కోడలు

తా.క. నిన్న పుండు తుడిచాక అదే దూదితో ఆయన కళ్లు తుడుచుకోబోతే, చెయ్యి పట్టుకుని ఆపాను. ఎవరైనా చూశారేమోనని ఆయన గుమ్మం వైపు చూశారు. మీకు చెప్పానని తెలిస్తే చిన్నబుచ్చుకుంటారు. చదవగానే ఈ ఉత్తరం కాల్చెయ్యండి.