అంచు ముక్కలు

మా ఇంటి జడ్జిగారికి,

ఇక్కడ నా తిండికీ పనికీ లోటు లేదు. నువ్వూ, చిన్నదీ, అత్తయ్యగారూ హాయిగా ఉన్నారని తలుస్తాను.

నీ ప్రశ్నలకు జవాబులు. జలుబు తగ్గింది. చొక్కా గుండీ ఇంకా కుట్టుకోలేదు, తిట్టుకో. "ఫోన్లో మాట ముద్దగా వస్తోంది, తాగుతున్నారా?" అన్నావు. చుక్క ముట్టలేదు, ఒట్టు.

"మీ పనేంటో పక్కింటివాళ్ళకి చెప్పలేక చస్తున్నాను" అన్నావుగా, విను. భయంతో గిలగిల్లాడే రోగికి బిళ్ల మింగిస్తే, అది పొట్టలోకి పోయి, కాలేయం దగ్గర సగం ఖర్చయిపోయి, మిగతాది తీరిగ్గా పనిచేస్తుంది. అదే మందుని గోరంత పల్చటి పొరగా చేసి నాలుక కింద పెడితే నిమిషంలో కరిగి నేరుగా రక్తంలో కలుస్తుంది. ఆ పొర షీటుగా పోసి, ఆరబెట్టి, కోసేది నేనే.

తిప్పలన్నీ చేదుతోనే. రుచి చూసేవాళ్ళకి మందు లేని పొరే ఇవ్వాలని రూలు. మందు లేకుండా చేదెలా తెలుస్తుంది, నా మొహం! మొండివాణ్ణి కదా, ఒకరోజు మందున్న ముక్కే పెట్టుకున్నాను. రుచి చూసి ఉమ్మేద్దామనుకుంటే, ఉమ్మడానికేం మిగల్లేదు. అంత బాగా చేశాను మరి.

ఆ రోజు మేనేజరు అరిచినా చీమ కుట్టినట్టయినా లేదు. ఎన్నాళ్ళకో ప్రాణం తెరిపిన పడింది. మర్నాడు ఇంకోటి పెట్టుకున్నాను.

ఫోన్లో అయితే జోకేసి తప్పించుకుంటాను, అందుకే రాస్తున్నాను. సెలవు ఇవ్వట్లేదని మూడుసార్లు చెప్పాను. అబద్ధం. మూడుసార్లూ ఇచ్చారు. షీటు అంచులు కోసి పారేస్తాం. పారేసేముందు తూచి సంతకం పెట్టేది నేనే గనుక, రోజూ నాలుగు ముక్కలు నా నోట్లోకి పోతున్నా అడిగేవాడు లేడు. బయటికి తేలేను, గేటు దగ్గర జేబులు వెతుకుతారు. అందుకని ఆదివారం కూడా డ్యూటీకి పోతున్నాను.

చిన్నదాని స్కూల్లో నాటకం రోజున మన ఊరికి టికెట్ కొన్నాను. చేతులు వణికి, చెమటలు పట్టి, బస్సు మెట్టెక్కలేక మళ్ళీ ఫ్యాక్టరీకే పోయాను. నాకోసం అది ముందు వరసలో కుర్చీ ఆపిందని రాశావు చూడు, సిగ్గుతో చచ్చిపోయాను.

ఈ మందు ఒక్కసారిగా మానితే ప్రాణానికే ముప్పు. మెల్లగా మాన్పించే డాక్టరు కావాలి. నిజం చెబుతూ మేనేజరుకీ ఉత్తరం రాశాను. ఇస్తే ఉద్యోగం పోతుంది, ముక్కలూ దొరకవు. వారం నుంచి ఇవ్వలేకపోతున్నాను. భయంగా ఉందే. నువ్వు రా. నువ్వు గేటు బయట నిలబడితే లోపలికెళ్ళి ఇచ్చేసి వస్తాను. ఈలోగా ఫోన్లో "తగ్గిపోయింది, రావద్దు" అంటాను. తప్పకుండా అంటాను. నమ్మకు, బయల్దేరు.

ఇట్లు,
నీకోసం కనిపెట్టుకుని ఉండే
చిన్నదాని నాన్న