పాప స్వెట్టరు కొలత

చిరంజీవి చెల్లికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరూ క్షేమమని రాయడం నా అలవాటు. ఈసారికి నేను క్షేమమని మాత్రం రాస్తున్నాను. మరిదిగారి దగ్గు తగ్గిందని తెలిసి మనసు కుదుటపడింది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలు ఇంకా నా మాట వింటోంది. చేతికర్ర కొనలేదు, కొనను. నీ దగ్గరికి వచ్చి ఉండమన్నావు. నా కాఫీ నేను కలుపుకోగలిగినన్నాళ్ళు ఆ ప్రస్తావన తేవద్దు. ఇక ఎదురింటి పాపకు స్వెట్టరు అల్లుతున్నానని, చేతుల కొలత పంపమని మూడు ఉత్తరాలుగా అడుగుతున్నావు. ఆ సంగతికే వస్తున్నాను.

మా వీధి మొదట్లో కొత్తగా గేటు పెట్టారు. మొన్న మందుల షాపు నుంచి నడిచి వస్తుంటే కాపలా అతను ఆపాడు.

"ఎవరింటికండీ మామ్మగారూ?"

"మా ఇంటికే. పద్నాలుగో నంబరు."

"లిస్టులో ఆ ఇంటికి పేరు లేదండీ."

"ఈ వీధికి తారు వేయకముందు నుంచీ ఉన్నాను నాయనా. నీ లిస్టు నిన్న పుట్టింది."

"అయ్యో, నా మీద కోప్పడితే ఎలాగండీ! మిమ్మల్ని ఎరిగినవాళ్ళు ఒక్కరు చెప్తే చాలు. ఎవరికి ఫోన్ చెయ్యమంటారు?"

ఎదురింటికి చెయ్యమన్నాను. పాప వాళ్ళమ్మ, ఆ అమ్మాయి గొంతు నాకు స్పష్టంగా వినబడింది.

"పద్నాలుగా? అక్కడెవరో పెద్దావిడ ఉండేవారు. ఇంకా ఉన్నారా?"

అతను తల దించుకుని గేటు తీశాడు. తిట్టినా సహించేదాన్నేమో, జాలిపడ్డాడు.

చెల్లీ, ఆ అమ్మాయి రోజూ పలకరిస్తుందనీ, పాప నా ఒళ్ళో నిద్రపోతుందనీ ఏడాదిగా రాసినవన్నీ కల్పనలు. పాపను నేను కిటికీలోంచే ఎరుగుదును. వాళ్ళు కొత్తగా దిగినప్పుడు ఆ అమ్మాయే వచ్చి, "ఏదైనా సాయం కావాలంటే చెప్పండి ఆంటీ" అంది. "నాకెవరి సాయమూ అక్కర్లేదమ్మా" అని తలుపు వేసుకున్నాను. అప్పుడది ఆత్మగౌరవమనుకున్నాను. ఒంటరినని తెలిస్తే నువ్వు వచ్చి తీసుకుపోతావన్న భయంతో నీకు అబద్ధాలు రాశాను.

నిన్న రెండుసార్లు చెప్పులు వేసుకుని వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళాను. ఎమ్మే చదివిన నోటికి మొదటి మాట దొరకలేదు. తిరిగి వచ్చేశాను. ఏం చేయాలో నాకు తెలియడం లేదు. ఈ మాట నేను రాయడం ఇదే మొదటిసారి.

కొలత పంపలేను. అయినా స్వెట్టరు విప్పేయకు. వచ్చే నెల నువ్వు వచ్చినప్పుడు గేటు దగ్గర "ఎవరింటికి?" అని అడుగుతారు. నా పేరు గట్టిగా చెప్పు, నలుగురికీ వినబడేలా.

ఇట్లు,
నువ్వు మొండిఘటమని పిలిచే
నీ అక్క